జాలికి మార్కులెన్ని?

మా కాలేజీలో ఎం.ఎడ్. చదువుతున్న ఒక అమ్మాయి ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూంకి వచ్చి నాలుగు పేజీల ప్రశ్నావళి నా బల్ల మీద పెట్టింది. "మేడమ్, ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. బి.ఎడ్. వాళ్ళకి పంచేముందు మీరొకసారి చూసిపెడతారా?" అంది. కాబోయే టీచర్లలో వికలాంగుల పట్ల పైకి కనిపించని చిన్నచూపు ఎంతుందో కొలవడం ఆమె డిసర్టేషన్ అంశం. నేను విద్యా మనోవిజ్ఞానం, జీవశాస్త్ర బోధన చెప్తాను. ఇలాంటి ప్రశ్నావళులు ఏటా చూస్తూనే ఉంటాను. ఒక్క సాయంత్రం పనే కదా అనుకుని ఇంటికి తీసుకెళ్ళాను.

ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వికలాంగుల మీద మీకు ఎంత తరచుగా సింపతీ కలుగుతుంది అన్నది ఆ ప్రశ్న. ఆ అమ్మాయి "సానుభూతి" అని రాసి, కొట్టేసి, "జాలి" అని రాసి, దాన్నీ కొట్టేసి, చివరికి రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. ఆమె ఇబ్బంది నాకర్థమైంది. సానుభూతి పుస్తకాల్లో మాట. మన ఇళ్ళల్లో, బస్సుల్లో, బడి వరండాల్లో వికలాంగులు కనబడగానే నోట్లోంచి వచ్చే మాట "పాపం". ఆ ఒక్క మాటలో రెండర్థాలున్నాయి. అయ్యో అనే జాలి ఒకటి, ఏ జన్మలో ఏం చేసుకున్నారో అనే తీర్పు ఒకటి. ఇంగ్లీషు ప్రశ్నకి ఈ రెండో అర్థం తెలీదు.

మార్కులు వేసే పద్ధతి చూశాక ఇంకా ఆశ్చర్యపోయాను. "చాలా తరచుగా కలుగుతుంది" అని టిక్కు పెట్టినవాళ్ళకి చిన్నచూపు తక్కువున్నట్టు లెక్క. "ఎప్పుడూ కలగదు" అన్నవాళ్ళకి ఎక్కువున్నట్టు. అంటే ఎంత జాలిపడితే అంత మంచి టీచరన్నమాట!

ఆ ప్రశ్నావళిని ఒక రచనలా చదవాలని అప్పుడే అనిపించింది. కథ చెప్తున్నదెవరు, ఎవరి గురించి, ఎవరితో అని అడగడం మనకి అలవాటే. ఆ మూడు ప్రశ్నలూ కొలబద్దల్ని ఎందుకడగకూడదు?

*

వికలాంగుల పట్ల వైఖరిని కొలిచే మాపనులు కొత్తవి కావు. 1960లో అమెరికాలో యూకర్, బ్లాక్, కాంప్‌బెల్ తయారుచేసిన మాపని చాలాకాలం చలామణీ అయింది. దాని మొదటి రూపంలో 20 వాక్యాలు. ఒక్కోదానికీ మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా అంకె వెయ్యాలి. మధ్యలో సున్నా లేదు, ఎటో ఒకవైపు తేల్చుకోవాల్సిందే. వికలాంగులు తక్కినవాళ్ళలాంటి వాళ్ళేననుకుంటే మంచి వైఖరి, వేరే రకం మనుషులనుకుంటే చెడ్డ వైఖరి అన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ రోజులకి అది పెద్ద మాటే. కానీ "నాకు ఏ తేడా లేదు" అనే టీచరు చూపులేని పిల్ల కోసం బ్రెయిల్ పుస్తకం ఎందుకడుగుతుంది? బోర్డు మీద రాసినదాన్ని పైకి చదవాలని ఆమెకెందుకు గుర్తుంటుంది? సమానత్వమా, భిన్నత్వమా అని స్త్రీవాదులం ఏళ్ళ తరబడి వాదించుకున్న సంగతే ఇది. మగవాడితో సమానమంటే మగవాడిలా ఉండటమేనా అని అడిగినవాళ్ళం మనం.

పోనుపోనూ చదువుకున్నవాళ్ళు తెలివిమీరారు. ఎలా జవాబిస్తే మర్యాదగా ఉంటుందో తెలిసిపోయింది. వికలాంగ పిల్లల్ని మామూలు బడిలో చేర్చుకోవాలా అంటే ఇవాళ వద్దనే బి.ఎడ్. విద్యార్థి ఎవరు? అందుకే పరిశోధకులు మర్యాద మాటున దాక్కున్న వివక్ష కోసం వెతకడం మొదలుపెట్టారు. 1995లో పెటిగ్రూ, మీర్టెన్స్ పశ్చిమ యూరప్ దేశాల్లో వలస వచ్చినవాళ్ళ పట్ల ఉండే భావాల మీద చేసిన పని ఇందులో ముఖ్యమైనది. బాహాటమైన ద్వేషానికి పది ప్రశ్నలు, సూక్ష్మమైనదానికి పది. ఈ సూక్ష్మమైనదానిలో మూడు పోగులున్నాయన్నారు వాళ్ళు. వాళ్ళు మన విలువలు పాటించరనడం, వాళ్ళకీ మనకీ మధ్య తేడాల్ని పెంచి చూడటం, వాళ్ళ పట్ల మంచి భావాలు కలగకపోవడం. మంచి భావాలంటే వాళ్ళ లెక్కలో రెండు: సానుభూతి, మెచ్చుకోలు. వలస వచ్చినవాళ్ళని నోరారా తిట్టని మనిషి కూడా వాళ్ళ కోసం ఒక్క మంచిమాట ఖర్చు పెట్టడు, ఆ పిసినారితనంలోనే వివక్ష ఉందన్నది వాళ్ళ ఊహ. బ్రిటన్‌లో వెస్టిండియన్ల విషయంలో, జర్మనీలో టర్కీవాళ్ళ విషయంలో ఆ ఊహ అర్థవంతమైనదే.

మా అమ్మాయి తెచ్చిన ప్రశ్నావళి మొదటి భాగం ఆ నమూనా మీద అల్లినదే. వలసవాళ్ళున్న చోట వికలాంగుల్ని పెట్టారు. ఒకరి కొలతలతో కుట్టిన జాకెట్టు ఇంకొకరికి తొడిగినట్టయింది. వలస వచ్చినవాళ్ళకి సమాజం సానుభూతిని నిరాకరించింది. వికలాంగులకి సానుభూతి తప్ప తక్కినవన్నీ నిరాకరించింది. మొదటిచోట జాలి లేకపోవడం జబ్బు లక్షణం. రెండోచోట జాలే జబ్బు. ప్రశ్న అదే, మార్కు అదే, అర్థం మాత్రం తలకిందులు.

మెచ్చుకోలు సంగతీ అంతే. వికలాంగుల గురించిన సినిమా చెప్పమని క్లాసులో అడిగితే "సిరివెన్నెల" అంటారు. పాత సినిమాలు చూసేవాళ్ళుంటే "సిరిసిరిమువ్వ" అంటారు. 1986 నాటి సినిమాలో చూపులేని వేణుగాన విద్వాంసుడు, మాటరాని చిత్రకారిణి. 1976 నాటి సినిమాలో మాటరాని నర్తకి. అందరూ గొప్ప కళాకారులే. లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో తెలీక తికమకపడే మామూలు చెవిటి పిల్ల ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. రేపు ఈ టీచర్ల క్లాసుల్లో కూర్చోబోయేది ఆ పిల్ల!

ఆస్ట్రేలియన్ రచయిత్రి, హాస్యకళాకారిణి స్టెల్లా యంగ్ మెల్‌బోర్న్‌లో ఒక హైస్కూల్లో పాఠం చెప్తోంది. చక్రాల కుర్చీలో ఉంది. పాఠం మొదలై ఇరవై నిమిషాలయ్యాక ఓ కుర్రాడు చెయ్యెత్తి, మీ ప్రసంగం ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడట. చక్రాల కుర్చీలో బడికి వచ్చినవాళ్ళు స్ఫూర్తినివ్వడానికే వస్తారని అతని అనుభవం. న్యాయశాస్త్రం చెప్పడానికి కూడా వస్తారని అతనికి తట్టలేదు. 2014లో సిడ్నీలో చేసిన ప్రసంగంలో ఈ సంగతి ఆమే చెప్పింది. ఆ ఏడాది చివర్లోనే చనిపోయింది. మన ప్రశ్నావళి ఇస్తే మెచ్చుకోలు ప్రశ్నకి ఆ కుర్రాడికి పూర్తి మార్కులొస్తాయి.

*

ఇదంతా చదువుతుంటే మనకెక్కడో తెలిసిన దారిలో నడుస్తున్నట్టు లేదూ? 1996లో పీటర్ గ్లిక్, సూసన్ ఫిస్క్ స్త్రీల పట్ల వివక్షని కొలవడానికి 22 వాక్యాల మాపని తయారుచేశారు. అందులో సగం వాక్యాలు పగని పట్టుకునేవి. తక్కిన సగం ప్రేమలా కనిపించేదాన్ని పట్టుకునేవి. స్త్రీలు స్వచ్ఛమైనవాళ్ళు, మగవాళ్ళు వాళ్ళని కాపాడాలి, నెత్తిన పెట్టుకోవాలి అనే ధోరణిని కూడా వాళ్ళు వివక్షగానే లెక్కగట్టారు. ఈ రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తాయని చూపించారు. 2002లో ఫిస్క్, ఆమె సహచరులు ఇంకో మాటన్నారు. సమాజం మనుషుల్ని మంచితనం, సామర్థ్యం అనే రెండు తూకాల్లో తూస్తుంది. వృద్ధులు, వికలాంగులు "మంచివాళ్ళే గానీ చేతకానివాళ్ళు" అన్న గడిలో పడతారు. ఆ గడికి దక్కే భావం పేరు జాలి.

స్త్రీల గురించి ఈ మాట అనడానికి మనకి పరిశోధన అక్కర్లేకపోయింది. దేవత అన్నవాళ్ళే ఆస్తిలో వాటా అడిగితే మొహం మాడ్చుకోవడం మనం ఇళ్ళల్లో చూశాం. పూజించే చోట హక్కులడగడం అపచారమవుతుంది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగుల్ని "దివ్యాంగులు" అనమన్నప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఈ దేవతే. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ శాఖ పేరులో "విభిన్న ప్రతిభావంతులు" ఉన్నారు. కుంటి, గుడ్డి, అవిటి అనే మాటల నుంచి బయటపడాలన్న కోరికని నేను తప్పుపట్టను. కానీ దేహంలో దివ్యత్వాన్ని వెతికే చూపుకి బడి ముందున్న నాలుగు మెట్లు కనబడవు. అందుకే నేను "వికలాంగులు" అనే వాడుతున్నాను. హక్కులడిగినవాళ్ళలో చాలామంది ఆ మాటతోనే అడిగారు.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఢిల్లీలో మనస్తత్వశాస్త్రం బోధించిన అనితా ఘాయ్, తానూ పోలియో వల్ల వైకల్యం ఉన్న మనిషి, భారతీయ స్త్రీవాదం వికలాంగ స్త్రీలని పట్టించుకోలేదని జీవితాంతం చెప్తూనే ఉంది. 2003లో వచ్చిన ఆమె పుస్తకం పూర్తిగా వికలాంగ స్త్రీల గురించే. 2024 డిసెంబరులో ఆమె చనిపోయింది. మన సంచికల్లో, సభల్లో ఆమె అడిగిన ప్రశ్నకి ఎంత చోటిచ్చామో వెనక్కి తిరిగి చూసుకుంటే సిగ్గేస్తుంది. దేహం గురించి అంత రాసుకున్నాం. ఏ దేహం గురించి?

*

అభ్యంతరాలు చెప్పినా ప్రశ్నావళి ఆపమనలేదు నేను. సమయం లేదు, గైడ్ ఒప్పుకున్నారు, ఆ అమ్మాయి చదువు పూర్తి కావాలి. రెండో భాగంలో ఆమె 2011లో ఫోర్లిన్, ఆమె సహచరులు ప్రకటించిన 15 వాక్యాల మాపనిని చేర్చింది. అది కాబోయే టీచర్ల కోసమే తయారైనది. హాంకాంగ్, కెనడా, అమెరికాలతో పాటు మన దేశపు విద్యార్థుల మీద కూడా పరీక్షించినది. జాలి ప్రశ్నకంటే ఇది నాకు నచ్చింది. వికలాంగులతో మాటలు తొందరగా ముగించేస్తారా, ఎప్పుడైనా మీకూ వైకల్యం రావచ్చన్న ఆలోచన భయపెడుతుందా అని సూటిగా అడుగుతుంది.

జవాబు కాగితాల మీద పేర్లు లేవు. చాలామంది టిక్కులతో ఆగలేదు, అంచుల్లో రాశారు. "వాళ్ళకి సేవ చేస్తే పుణ్యం." "నాకు వాళ్ళంటే చాలా ఇష్టం, వాళ్ళ మనసు స్వచ్ఛం." "ఇలాంటి పిల్లలకి పరీక్షల్లో కాస్త చూసీ చూడనట్టు పోవాలి." ఒక్కదానిలోనూ ద్వేషం లేదు. నిజంగా మంచి పిల్లలు. 2014 నిబంధనల తర్వాత బి.ఎడ్. రెండేళ్ళయింది, సమ్మిళిత విద్య మీద పాఠాలొచ్చాయి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించిందని వీళ్ళు నిద్రలో లేపినా చెప్తారు. ఆ మూడు వాక్యాల్ని "ఆడవాళ్ళు" అని మార్చి చదివి చూడండి. వాళ్ళని గౌరవిస్తే పుణ్యం, వాళ్ళ మనసు స్వచ్ఛం, వాళ్ళని చూసీ చూడనట్టు పోవాలి. మనం ఎంత మండిపడేవాళ్ళం!

ఒక కాగితంలో సగం ప్రశ్నలకి జవాబుల్లేవు. అసంపూర్ణమైన కాగితాలని పక్కన పెట్టడం పరిశోధనలో మామూలే. అదీ ఆ కట్టలోకి వెళ్ళింది. రెండు రోజుల తర్వాత, ఆ కాగితం తనదేనని చెప్పడానికి మా బి.ఎడ్. అమ్మాయి ఒకామె స్టాఫ్ రూంకి వచ్చింది. ఆమె చంకకర్ర సాయంతో నడుస్తుంది.

"కావాలని వదల్లేదు మేడమ్. నాకు వైకల్యం వస్తుందేమోనని భయమా అంటే ఏం రాయను? పుట్టినప్పుడే వచ్చింది కదా" అని నవ్వింది. "వికలాంగులు ఎదురైతే మాటలు తొందరగా ముగిస్తారా అన్నారు. నాతో నేను ఎంతసేపు మాట్లాడుకుంటానని చెప్పను?"

నేనూ నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, ఆ ప్రశ్నావళిని నేను మూడుసార్లు చదివాను. జాలి ప్రశ్న మీద గైడ్‌తో వాదించాను. జవాబు రాసేవాళ్ళలో వికలాంగులుండొచ్చన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. రోజూ నా క్లాసులో మూడో బెంచీలో కూర్చునే మనిషి ఉండగా! "కాబోయే టీచర్లు" ఒక జాతి, "వికలాంగులు" ఇంకో జాతి. మొదటివాళ్ళకి మనసుంటుంది, దాన్ని కొలవాలి. రెండోవాళ్ళు ఆ మనసు పడే వస్తువు. ప్రశ్నావళిని మనవైపు నుంచి మాత్రమే రాశామని చెప్పడానికి ఆ ఖాళీ గళ్ళు చాలు. ఆ కాగితం పక్కన పెట్టేసే కట్టలోకి వెళ్ళడం కూడా ఒక కొలతే.

*

వెళ్ళబోతూ ఆగింది. "ఇంకో సంగతి. కోప్పడరుగా?" అని సంచీలోంచి రెండు రికార్డులు తీసింది. ఒకటి తనది, ఒకటి తన రూమ్మేటుది. ఇద్దరి పాఠాలూ వెనక బెంచీలో కూర్చుని చూసి, రికార్డుల్లో అభిప్రాయం రాసింది నేనే. రూమ్మేటు పేజీల నిండా ఎర్ర ఇంకు. బోర్డు పని బాగాలేదు, ప్రశ్నలన్నీ ముందు బెంచీలకే వేశావు, ఉదాహరణ తప్పు. ఈమె పేజీల్లో "బాగుంది", "చాలా బాగుంది", "మంచి ప్రయత్నం".

"మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని తను చెప్పింది. తప్పని గీత పెట్టారు. అదే మాట ముందురోజు నేనూ చెప్పాను. నాకు 'చాలా బాగుంది' అని రాశారు. నేను చెప్పింది ఒప్పే కాబోలనుకుని తనతో పందెం కాశాను మేడమ్."

నాకు నోట మాట రాలేదు. మొక్కలు పగలూ రాత్రీ శ్వాసిస్తాయి. ఆ మాట ఏటా పదిసార్లు చెప్తాను. ఆ రోజు ఆమె పాఠం చెప్తున్నప్పుడు నేనేం చేశానో గుర్తు తెచ్చుకున్నాను. ముప్పావుగంట ఎలా నిలబడుతుందో, బోర్డు దగ్గరికి తిరిగినప్పుడు కర్ర జారుతుందేమో అనుకుంటూ కూర్చున్నాను. ఆమె కాలు చూశాను. పాఠం వినలేదు.

నా మీద ఏ మాపని పెట్టినా నేను మంచి మార్కులతో గట్టెక్కేదాన్ని. ఈ ప్రవర్తనకి పరిశోధనలో పాత చరిత్రే ఉంది. 1979లో హేస్టార్ఫ్, అతని సహచరులు ఒక ప్రయోగం చేశారు. శారీరక వైకల్యం ఉన్న మనిషి పని ఎలా చేశాడో చెప్పమంటే, జనం ఉన్నదున్నట్టు చెప్పకుండా మెత్తబరిచి చెప్పారు. నొప్పించకూడదన్న మర్యాద, నేర్చుకోవడానికి కావలసిన సమాచారాన్ని మింగేసింది. సైకాలజీ టీచర్ని, ఇలాంటివి నాకు తెలీనివి కావు. ఆ మర్యాద నా కలం దాకా వచ్చిందని మాత్రం ఆ అమ్మాయి చెప్పేదాకా తెలీలేదు.

నా జాలి ఖరీదు కట్టినవాళ్ళు ఇద్దరు. తన పాఠం ఎలా ఉందో తెలుసుకునే హక్కు పోగొట్టుకున్న ఆ అమ్మాయి ఒకరు. మొక్కలు పగలు ఊపిరి తీసుకోవని నోట్సులో రాసుకున్న ఆ తరగతి పిల్లలు రెండోవారు. జాలి ఎవరికీ హాని చెయ్యదనేవాళ్ళకి నేను ఈ రెండోవాళ్ళని చూపిస్తాను.

*

ఆ తర్వాత చాలా గుర్తొచ్చాయి. టీచింగ్ ప్రాక్టీసుకి ఆమెకి కాలేజీ పక్కనున్న బడి ఇచ్చాం. ఆమెనడగలేదు. ఆమె కోరుకున్నది మంచి ల్యాబ్ ఉన్న ఇంకో బడి. "అక్కడ మెట్లున్నాయి కదా, పాపం" అనుకున్నాం. స్టాఫ్ రూంలో ఇంకో మాట కూడా నడిచేది. "పెళ్ళి సంగతెలాగూ కష్టం, టీచరుద్యోగమైతే కూర్చుని చెప్పుకోవచ్చు." టీచరుద్యోగం ఆడవాళ్ళకి భద్రమైనదనే మాటని మనం ఎన్నిసార్లు ఎండగట్టాం! వికలాంగ స్త్రీ దగ్గరికొచ్చేసరికి అదే మాట దయగా వినబడింది. ఆమె పెళ్ళి కుదరదని తేల్చినవాళ్ళమూ మనమే, కుదరకపోతే ఉద్యోగం కావాలన్నవాళ్ళమూ మనమే.

మెట్లు నిజమే కదా అంటారు. నిజమే. సూక్ష్మమైన వివక్షకి నిజమైన కారణమే దొరుకుతుంది, అదే దాని బలం. 1979లోనే స్నైడర్, క్లెక్, ఇంకొందరు చేసిన ప్రయోగం దీన్ని తెలివిగా పట్టుకుంది. గదిలో రెండు టీవీలు. ఒక టీవీ ముందు వైకల్యమున్నట్టు కనిపించే మనిషి, ఇంకోదాని ముందు వైకల్యం లేని మనిషి. రెంటిలోనూ ఒకే సినిమా వస్తున్నప్పుడు, వచ్చినవాళ్ళు వికలాంగుణ్ణి తప్పించుకోలేదు. తప్పించుకుంటే కారణం ఎవరికైనా తెలిసిపోతుంది. వేరువేరు సినిమాలు వేసేసరికి ఎక్కువమంది అతనికి దూరంగా కూర్చున్నారు. ఇప్పుడు సాకు దొరికింది, నాకు ఆ సినిమా ఇష్టం!

న్యూయార్క్‌లో జూడిత్ హ్యూమన్‌కి 1970లో టీచరు లైసెన్సు నిరాకరించినప్పుడు చెప్పింది కూడా ఇలాంటి కారణమే. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి అగ్నిప్రమాదం వస్తే ఎలా తప్పించుకుంటుంది, పిల్లలనెలా తప్పిస్తుంది? భద్రత మాట ఎవరు కాదంటారు? ఆమె కోర్టుకెళ్ళింది. కేసు జడ్జి కాన్‌స్టాన్స్ బేకర్ మాట్లీ ముందుకొచ్చింది. ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. మర్యాదగా చెప్పే కారణాల వెనక ఏముంటుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. బోర్డు దిగివచ్చింది, హ్యూమన్ టీచరయింది. 2023లో చనిపోయేదాకా ఆమె వికలాంగుల హక్కుల ఉద్యమంలో ముందుండి నడిచింది.

ఇలాంటి సాకుల్ని మన భాష ఏమంటుందో తెలుసుగా? కుంటిసాకులు. వికలాంగుల్ని దూరం పెట్టడానికి వైకల్యం లేనివాళ్ళు చెప్పే సాకులకి కూడా వాళ్ళ కాలి పేరే పెట్టాం.

*

మనుషులు చెప్పే మాటల్ని నమ్మలేకే 1998లో గ్రీన్‌వాల్డ్ బృందం ఇంకో దారి పట్టింది. కంప్యూటర్ తెర మీద బొమ్మల్నీ మాటల్నీ జతపరచడంలో చేతికి పట్టే సమయాన్ని బట్టి మనసులోని మొగ్గుని అంచనా వేసే పరీక్ష అది. దాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేసినవాళ్ళలో మహజరీన్ బనాజీ ఒకరు. సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదువుకున్న మనిషి. 2019లో ఆమె, టెస్సా చార్ల్స్‌వర్త్ కలిసి ప్రకటించిన పరిశీలన నన్ను కలవరపెట్టింది. 2007 నుంచి 2016 దాకా అమెరికన్ల జవాబుల్ని చూస్తే, స్వలింగ సంబంధాల పట్ల, జాతి పట్ల, చర్మం రంగు పట్ల లోలోపలి మొగ్గు కొంత తగ్గింది. వయసు, వైకల్యం విషయంలో దాదాపు కదల్లేదు. పైకి చెప్పే మాటలు మాత్రం మెరుగుపడ్డాయి.

ఈ పరీక్షకీ పరిమితులున్నాయి. ఒక మనిషి ఇవాళ ఒకలా, రేపు ఒకలా స్కోరు తెచ్చుకోవచ్చు. వేలమంది సగటుకి పనికొచ్చినంతగా ఒక టీచరుని అంచనా వెయ్యడానికి పనికిరాదు. ఇంకో సంగతి నన్ను వదల్లేదు. మంచివాళ్ళలో దాగున్న మొగ్గుల గురించి బనాజీ, గ్రీన్‌వాల్డ్ 2013లో రాసిన ప్రసిద్ధమైన పుస్తకం పేరు "బ్లైండ్‌స్పాట్". తెలీనితనానికి, అన్యాయానికి పోలిక కావాల్సొస్తే చేతికి ముందు దొరికేది గుడ్డితనమే. నేనూ ఈ వ్యాసం మొదటి ప్రతిలో "మన కళ్ళకి గంతలు" అని రాసి కొట్టేశాను. "చిన్నచూపు" అనే మాటని మాత్రం వదల్లేకపోయాను, చూపు పోలికే అయినా. భాష అంత తేలిగ్గా మనల్ని వదలదు.

*

అయితే కొలవడం వృథా అంటానా? అనను. కొలవకపోతే ప్రతి కాలేజీ "మా పిల్లలకి అలాంటి భావాల్లేవు" అని చేతులు దులుపుకుంటుంది. స్త్రీల విషయంలో లెక్కల విలువ మనకి తెలుసు. ఇంటి చాకిరీ గంటల్లో లెక్కగడితే తప్ప దాన్ని పని అనలేదు లోకం. నా అభ్యంతరమల్లా ఏం కొలుస్తున్నామన్నదాని మీదే. కాబోయే టీచర్ల గుండెల్లో ఎంత ప్రేముందో కొలవడం మానేసి, వాళ్ళు ఏం ఆశిస్తున్నారో కొలుద్దాం. ఒకే జవాబుపత్రాన్ని ఒకసారి మామూలు పిల్లదని, ఒకసారి వికలాంగ పిల్లదని చెప్పి దిద్దమంటే ఎర్ర గీతలు ఎన్ని తగ్గుతాయి? కష్టమైన ప్రశ్న ఎవరికి వేస్తారు, ఎవర్ని దాటిపోతారు? జవాబు కోసం ఎంతసేపు ఆగుతారు? ప్రశ్నావళి రాసేటప్పుడు పక్కన వికలాంగ టీచరు కూర్చుందా? ఇవి లెక్కపెట్టగలిగిన సంగతులే. జాలి ప్రశ్న ఉంచాలనుకుంటే ఉంచండి, మార్కుల్ని తిరగేసి వెయ్యండి.

ఎం.ఎడ్. అమ్మాయి తన డిసర్టేషన్‌లో ఆ ఖాళీ కాగితం గురించి ఒక పేజీ రాసింది. గైడ్ దాన్ని పరిమితులు అన్న అధ్యాయంలోకి నెట్టారు. అక్కడైనా ఉంది.

బి.ఎడ్. అమ్మాయిని బడి మార్చుకుంటావా అని అడిగాను. అడగడం ఆలస్యమైందని తెలుసు. మార్చుకుంది. ఆ బడిలో మెట్లున్నాయి. తొమ్మిదో తరగతిని కింది గదిలోకి మార్చమని హెడ్మిస్ట్రెస్‌ని ఆమే అడిగి ఒప్పించింది. అక్కడ ఆమె చెప్పిన మొదటి పాఠానికి వెళ్ళి ఈసారి విన్నాను. రికార్డులో ఒకటిన్నర పేజీ ఎర్ర ఇంకుతో రాశాను. ప్రశ్నలన్నీ అవును, కాదు అని జవాబొచ్చేవే వేస్తున్నావు, పటం వెనక బెంచీలకి కనబడలేదు, చివరి పది నిమిషాలు పరుగెత్తావు. రాస్తున్నంతసేపూ చెయ్యి కొంచెం బరువుగానే ఉంది, అబద్ధమెందుకు.

మర్నాడు రికార్డు పట్టుకుని వచ్చింది. మూడో అభ్యంతరం దగ్గర వేలు పెట్టి, "ఇది ఒప్పుకోను మేడమ్. ఆ రోజు బెల్లు పది నిమిషాలు ముందు కొట్టారు. మీరు గడియారం చూసుకోలేదు" అంది. కనుక్కుంటే నిజమే. ఆ గీత నేనే కొట్టేశాను.